అంకెలకు ఊరూ పేరూ

ఒక కాగితం మీద మూడు అంకెలు రాసి ఉన్నాయనుకోండి: 12.8, 16.7, 1. వీటిని చూసి ఏమని చెప్పగలం? ధరలా, దూరాలా, కొలతలా? ఏదైనా కావచ్చు. ఇవే మూడు అంకెలు 1973లో కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయానికి చెందిన వుడ్, బెర్రీ అనే ఇద్దరు పరిశోధకులు ప్రచురించిన ఒక పత్రంలో ఉన్నాయి. యాభై ఏళ్ళుగా ప్రపంచమంతా కంట్రోల్ ఇంజినీరింగ్ చదివే పిల్లలు వాటిని కంప్యూటర్లో ఎక్కిస్తూనే ఉన్నారు. ఎక్కించేటప్పుడు అంకెలు సరిగ్గానే కొడతారు. వాటి ఊరూ పేరూ చెప్పడం మాత్రం చాలామంది మరిచిపోతారు. ఈ అధ్యాయం ఆ మరుపు గురించే.

ముందు ఆ అంకెల పుట్టిల్లు చూద్దాం. వుడ్, బెర్రీల దగ్గర మిథనాల్‌నీ నీళ్ళనీ విడదీసే ఒక డిస్టిలేషన్ కాలమ్ ఉండేది. మిథనాల్ సుమారు 65 డిగ్రీలకే మరుగుతుంది, నీళ్ళకు 100 కావాలి. నిలువు గొట్టంలో ఒకదాని మీద ఒకటి పళ్ళేలు అమర్చి, అడుగున ఆవిరితో వేడిచేస్తే మిథనాల్ పైకి పోతుంది, నీళ్ళు కిందికి జారతాయి. పైకి చేరిన ఆవిరిని చల్లార్చి ద్రవంగా మార్చి, అందులో కొంత సరుకుగా తీసుకుంటారు, కొంత మళ్ళీ పై పళ్ళెంలోకే వదులుతారు. ఇలా తిరిగి వదిలే ధారనే రిఫ్లక్స్ అంటారు. ఆపరేటర్ చేతిలో ఉండే కవాటాలు రెండు: ఒకటి రిఫ్లక్స్‌ది, ఇంకొకటి ఆవిరిది. అతను కనిపెట్టుకుని ఉండే కొలతలూ రెండే: పైన వచ్చే సరుకులో మిథనాల్ ఎంత శాతం ఉంది, అడుగున పోయే నీళ్ళలో ఎంత మిథనాల్ వృథా అవుతోంది.

ఇప్పుడు ఆ మూడు అంకెలకు ప్రాణం వస్తుంది. రిఫ్లక్స్‌ను నిమిషానికి 0.1 పౌండు పెంచితే, మొదటి 1 నిమిషం పైనున్న కొలతలో కదలికే ఉండదు. తర్వాత మిథనాల్ శాతం పెరగడం మొదలవుతుంది. అక్కడి నుంచి 16.7 నిమిషాలకు మొత్తం పెరగాల్సినదాంట్లో 63 శాతం దాకా పెరుగుతుంది. చివరికి 1.28 శాతం పెరిగి నిలబడుతుంది. ఒక పౌండుకు 12.8 కాబట్టి పదోవంతు పౌండుకు 1.28. లీనియర్ మోడల్ అంటే ఇదే: చేత్తో తిప్పినది రెట్టింపైతే ఫలితమూ రెట్టింపు, ఒకటి తగ్గిస్తే అంతే తగ్గుతుంది, రెండు కవాటాలు కలిపి తిప్పితే రెండు ఫలితాలు కూడతాయి. కాలమ్ మామూలుగా నడిచేటప్పుడు పై సరుకు దాదాపు 96 శాతం మిథనాల్. మరి నిజంగానే ఒక పౌండు పెంచితే 12.8 కలిసి 108.8 శాతం అవుతుందా? అవదు. లీనియర్ మోడల్ తన ఊరి పొలిమేర లోపలే నిజం చెబుతుంది. ఆ పొలిమేర ఎక్కడుందో 12.8 అన్న అంకె చెప్పదు.

కవాటాలు రెండు, కొలతలు రెండు కనుక దారులు నాలుగు. రిఫ్లక్స్ నుంచి పై కొలతకు 12.8, 16.7, 1. రిఫ్లక్స్ నుంచి అడుగు కొలతకు 6.6, 10.9, 7. ఆవిరి నుంచి పైకి మైనస్ 18.9, 21, 3. ఆవిరి నుంచి అడుగుకు మైనస్ 19.4, 14.4, 3. ఆవిరి పెంచితే నీళ్ళు కూడా ఆవిరై పైకెక్కుతాయి, అందుకే పైన స్వచ్ఛత పడిపోతుంది. అడుగున మిగిలిన మిథనాల్ కూడా ఎగిరిపోతుంది, అందుకే అక్కడా శాతం తగ్గుతుంది. ఆ మైనస్ గుర్తుల వెనక ఉన్న కథ ఇది.

ఈ పన్నెండు అంకెల్ని ఎక్కించడానికి నేడు ఎక్కువగా వాడే సాఫ్ట్‌వేర్ మాట్‌ల్యాబ్. 1970ల చివర క్లీవ్ మోలర్ అనే గణిత ఆచార్యుడు న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో తన విద్యార్థులు ఫోర్ట్రాన్ రాసే శ్రమ లేకుండా మాత్రికల లెక్కలు చేసుకోవాలని దాన్ని రాశారు. దాన్ని చూసి ఇది తమకు ఎంత పనికొస్తుందో పసిగట్టిన జాక్ లిటిల్ స్వయంగా కంట్రోల్ ఇంజినీరు. 1984లో వీళ్ళిద్దరూ స్టీవ్ బాంగర్ట్‌తో కలిసి మ్యాథ్‌వర్క్స్ స్థాపించారు. కంట్రోల్ సిస్టమ్ టూల్‌బాక్స్ తొలి రోజుల్లో మోడల్ అంటే విడివిడి మాత్రికలే. ఏ, బీ, సీ, డీ అని నాలుగు పెట్టెలు చేత్తో పట్టుకుని ఒక ఫంక్షన్ నుంచి ఇంకో ఫంక్షన్‌కు మోసుకెళ్ళాలి. ఆ పెట్టెల మీద ఏ చీటీ ఉండేది కాదు. నిమిషాలా సెకన్లా, మొదటి నిలువు వరుస రిఫ్లక్సా ఆవిరా, అంతా ఇంజినీరు బుర్రలోనో పక్కనున్న నోటుపుస్తకంలోనో ఉండేది. తర్వాతి రోజుల్లో మోడల్ ఒకే వస్తువైంది. అంకెలూ వాటి చీటీలూ ఒకే మూటలోకి వచ్చాయి. ఆ చీటీలనే ప్రాపర్టీలు అంటారు. ‘గెట్’ అంటే అవన్నీ చదివి వినిపిస్తుంది, ‘సెట్’ అంటే మనం చెప్పినదాన్ని రాసుకుంటుంది. మోడల్ పేరు పక్కన చుక్క పెట్టి ప్రాపర్టీ పేరు రాసినా అదే పని జరుగుతుంది.

రాసుకుంటుంది అన్నాను. ఆ మాట దగ్గర కొంచెం ఆగుదాం.

మాట్‌ల్యాబ్‌లో మోడల్ తయారుచేసి కాలం గురించి ఏమీ చెప్పకపోతే, అది సెకన్లు అనుకుంటుంది. వుడ్, బెర్రీల అంకెలన్నీ నిమిషాల్లో ఉన్నాయి. విద్యార్థి 12.8, 16.7, 1 కొట్టి గ్రాఫు గీయిస్తాడు. వంపు అచ్చం పుస్తకంలో ఉన్నట్టే వస్తుంది, ఎత్తూ అంతే. అడుగు గీత కింద చిన్న అక్షరాల్లో ‘సెకన్లు’ అని ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. కాని ఇప్పుడు కంప్యూటర్లో ఉన్నది అల్బెర్టా కాలమ్ కాదు. దానికంటే 60 రెట్లు వేగంగా స్పందించే, ప్రపంచంలో ఎక్కడా లేని ఇంకో కాలమ్.

దీని వల్ల వచ్చే నష్టం చూడండి. 1986లో విలియం లూబెన్ ఇదే కాలమ్‌కు, ఆపరేటర్ బదులు కవాటాలు తిప్పే కంట్రోలర్ల అంకెలు ప్రచురించారు. రిఫ్లక్స్ కంట్రోలర్‌కు గెయిన్ (కోరిన కొలతకూ ఉన్న కొలతకూ తేడాను ఎంతతో గుణించి సవరించాలో చెప్పేది) 0.375, ఇంటిగ్రల్ టైమ్ 8.29 నిమిషాలు. ఆ తేడా అలాగే ఉండిపోతే కంట్రోలర్ తన మొదటి సవరణకు సమానమైన ఇంకో సవరణను ఎంత సేపటికి కలుపుతుందో ఇంటిగ్రల్ టైమ్ చెబుతుంది. ఇప్పుడు ఆ 8.29ని సెకన్లుగా చదివిన కంట్రోలర్‌ను నిజమైన కాలమ్‌కు తగిలిద్దాం. రిఫ్లక్స్ మార్చిన ఫలితం ఎంత తొందరగా కనబడినా ఒక నిమిషం తర్వాతే. ఆ ఒక్క నిమిషంలో కంట్రోలర్ ఫలితం చూడకుండానే ఏడుసార్లకు పైగా సవరణ మీద సవరణ వేస్తుంది. ఫలితం వచ్చేసరికి అది హద్దు దాటి ఉంటుంది. వెంటనే అటునుంచి ఇటు అంతే జోరుగా తిప్పుతుంది. ఊపు తగ్గదు, ప్రతిసారీ పెరుగుతుంది. అంకెల్లో ఒక్క తప్పు కూడా లేదు.

‘సెకన్లు’ అన్న ఆ చీటీని మార్చడానికి రెండు దారులున్నాయి, అవి చూడటానికి ఒకేలా ఉంటాయి. ‘సెట్’తో టైమ్‌యూనిట్‌ను నిమిషాలు అని మార్చవచ్చు. లేదా ‘చేంజ్‌టైమ్‌యూనిట్’ అనే ఫంక్షన్ ఒకటుంది, దాన్ని వాడవచ్చు. మొదటిది అంకెల్ని ముట్టుకోదు, చీటీ మాత్రం మారుస్తుంది. రెండోది అంకెల్ని తిరగరాస్తుంది: 16.7 నిమిషాలు 1002 సెకన్లవుతాయి, 1 నిమిషం ఆలస్యం 60 సెకన్లవుతుంది, వ్యవస్థ మాత్రం అదే. మన పల్లెల్లో వరి దిగుబడి బస్తాల్లో చెప్పుకుంటారు, బస్తా అంటే 75 కిలోలు. ఎకరానికి 40 బస్తాలు అన్న రైతు మాటను రాసుకునేవాడు క్వింటాళ్ళలోకి మార్చాలంటే 30 అని రాయాలి. 40ని అలాగే ఉంచి ‘బస్తాలు’ కొట్టేసి ‘క్వింటాళ్ళు’ అని రాస్తే, గింజ పెరగకుండానే కాగితం మీద పంట పెరుగుతుంది. అయితే మొదట రాసుకున్నవాడే పొరపాటున క్వింటాళ్ళు అని రాసి ఉంటే? అప్పుడు మాట కొట్టి మాట రాయడమే సరైన పని. 40 అలాగే ఉండాలి. పైన చెప్పిన విద్యార్థికి కావలసింది ఇదే: అతని అంకెలు సరైనవి, చీటీ తప్పు, కాబట్టి ‘సెట్’. చీటీ మార్చడమా, అంకె మార్చడమా అన్నది తేల్చవలసింది మనిషి. నిజంగా పొలంలో ఎంత పండిందో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు.

ఇదే చిక్కు శాంపిల్ టైమ్ దగ్గర ఇంకా లోతుగా ఉంటుంది. కంప్యూటర్ కాలమ్ వంక రెప్పవేయకుండా చూస్తూ కూర్చోదు. నిమిషానికి ఒకసారి చూస్తుందనుకుందాం. అప్పుడు మన మోడల్‌ను కూడా నిమిషం నిమిషం అడుగులుగా మార్చుకోవాలి. ఆ మార్పిడి చేసే ఫంక్షన్ పేరు ‘సీ2డీ’. మారాక మోడల్ ఇలా మాట్లాడుతుంది: ఈ నిమిషపు విలువ కావాలంటే పోయిన నిమిషపు విలువను 0.942తో గుణించు, రెండు నిమిషాల కిందట ఉన్న రిఫ్లక్స్‌ను 0.744తో గుణించు, రెండూ కలుపు. ఎంత ముచ్చటైన వంటకం! 16.7 అన్న అంకె ఇప్పుడు ఎక్కడా కనబడదు. అది 0.942లో కరిగిపోయింది, నిమిషం అన్న మాటను వెంటబెట్టుకుని.

ఇప్పుడు ఎవరో నిమిషానికోసారి చాలదు, 6 సెకన్లకోసారి చూద్దాం అన్నారు. మోడల్‌లో శాంపిల్ టైమ్ ప్రాపర్టీ 1 అని ఉంది, దాన్ని 0.1 అని సెట్ చేశారు. సాఫ్ట్‌వేర్ కిమ్మనదు. 0.942 అలాగే ఉంటుంది, కాని ఇప్పుడది నిమిషానికోసారి కాదు, 6 సెకన్లకోసారి పడే గుణకం. 16.7 నిమిషాల కాలమ్ 1.67 నిమిషాల కాలమ్ అయిపోయింది. నిజంగా 6 సెకన్ల అడుగులకు మార్చాలంటే గుణకం 0.994 కావాలి, రెండోది 0.0764 కావాలి, ఒక నిమిషం ఆలస్యం పది అడుగులుగా విడిపోవాలి. ఆ పని చేసే ఫంక్షన్ వేరే ఉంది, దాని పేరు ‘డీ2డీ’. నా మటుకు, ప్రాపర్టీల మొత్తంలో జాగ్రత్తగా ముట్టుకోవలసిన చోటు ఏదంటే ఇదే అంటాను. పేరు చూస్తే గడియారం సర్దుబాటులా ఉంటుంది, చేసేది మాత్రం కాలమ్‌నే మార్చడం.

ఆ ప్రాపర్టీకి రెండు ప్రత్యేక విలువలున్నాయి. సున్నా అంటే అడుగుల్లేని, ధారగా సాగే కాలం. మైనస్ 1 అంటే అడుగులున్నాయి గాని ఎంత నిడివో ఇంకా చెప్పలేదు అని. తెలియనిదాన్ని తెలియదని రాసుకునే ఏర్పాటు ఉండటం నాకు చాలా నచ్చిన సంగతి. అలాంటి మోడల్‌ను నిడివి తెలిసిన మోడల్‌తో కలిపితే రెండోదాని నిడివే ఫలితానికి వస్తుంది. రెండు వేర్వేరు నిడివుల్ని కలపబోతే మాత్రం సాఫ్ట్‌వేర్ అడ్డుపడుతుంది. పైథాన్‌లో వాడే కంట్రోల్ లైబ్రరీలో ఈ విభజన ఇంకా సూక్ష్మం: ధారా అడుగులా అన్నదే తెలియదని చెప్పడానికి కూడా అక్కడ ఒక విలువ ఉంది. ఫ్రాన్సులో పుట్టిన సైల్యాబ్‌లో మోడల్ కట్టేటప్పుడే మొదటి మాటగా అది ధారగా సాగేదో అడుగులదో చెప్పాలి.

ఆలస్యం సంగతికి వద్దాం. హెడ్ రెగ్యులేటర్ దగ్గర గేట్లు ఎత్తిన రోజు ఒకటి, చివరి ఆయకట్టుకు నీళ్ళు చేరే రోజు ఇంకొకటి. కాలువ కింద సేద్యం చేసేవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. వుడ్, బెర్రీల కాలమ్‌లోనూ ఇలాంటిదే జరుగుతుంది. రిఫ్లక్స్ పై పళ్ళెంలో పడుతుంది, పై కొలతకు 1 నిమిషంలో కబురు అందుతుంది. అడుగుకు చేరాలంటే ఆ ద్రవం పళ్ళెం తర్వాత పళ్ళెం దిగాలి, అందుకు 7 నిమిషాలు. ఆవిరి అలా కాదు, పైకీ అడుగుకూ దాని కబురు 3 నిమిషాల్లోనే అందుతుంది. ఆలస్యాన్ని మామూలు భిన్నంగా రాయడం కుదరదు, దగ్గరి అంచనాతో సరిపెట్టుకోవాలి. అందుకే దాన్ని మోడల్‌లో విడిగా ఒక ప్రాపర్టీగా దాచుకుంటారు. ఆవిరికి ఇన్‌పుట్ ఆలస్యం 3 అని ఒక్క మాట చెబితే రెండు దారులకూ సరిపోతుంది. రిఫ్లక్స్‌కు అలా కుదరదు: కవాటం దగ్గర 1 పెట్టి, అడుగు దారికి మాత్రం విడిగా ఇంకో 6 కలపాలి. ఏ ఆలస్యాన్ని ఎక్కడ రాస్తున్నామో చూస్తే కాలమ్ లోపల ద్రవం ఎలా జారుతోందో, ఆవిరి ఎలా ఎగబాకుతోందో కళ్ళకు కడుతుంది.

ఒక్క హెచ్చరిక. ధారగా సాగే మోడల్‌లో ఆలస్యం 3 అంటే 3 నిమిషాలు. అడుగుల మోడల్‌లో అదే ప్రాపర్టీలో 3 అంటే మూడు అడుగులు. అడుగు 6 సెకన్లదైతే అది 18 సెకన్లే.

అడుగులు లెక్కించడంలో ఇంకో తిరకాసు ఉంది. కుంచంతో వడ్లు కొలిచేవాళ్ళు మొదటి కుంచానికి ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అంటారు. తర్వాత రెండు, మూడు అని సాగుతారు. ఆ ఆచారం తెలియనివాడు పక్కన నిలబడి లెక్కపెడితే మొదటి కుంచం లెక్కలోకి రాదు. అడుగుల మోడల్‌లో ‘వేరియబుల్’ అనే ప్రాపర్టీ అచ్చం ఇలాంటిది. పైన 1, కింద 1, మైనస్ 0.9 అని ఇచ్చి, చలరాశి జడ్ అంటే మోడల్ ఇన్‌పుట్‌ను ఒక అడుగు ఆలస్యంగా అందుకుంటుంది. అవే అంకెలు ఇచ్చి, చలరాశి జడ్ విలోమం అంటే అదే అడుగులో అందుకుంటుంది. ఒక పుస్తకం ఒక పద్ధతి పాటిస్తుంది, ఇంకో పుస్తకం రెండోది. అంకెల్ని పుస్తకం నుంచి ఎత్తి రాసేటప్పుడు ఆ పుస్తకం లాభం అనేదా ఒకటి అనేదా కూడా ఎత్తి రాయాలి.

ఇప్పటిదాకా చెప్పినవి వ్యవస్థను మార్చే ప్రాపర్టీలు. పేర్లు అలాంటివి కావు. మొదటి ఇన్‌పుట్ పేరు రిఫ్లక్స్, రెండోదాని పేరు ఆవిరి అని పెట్టినా పెట్టకపోయినా లెక్కల్లో వెంట్రుకవాసి తేడా రాదు. అందుకే తొందరలో ఉన్నవాళ్ళు వాటిని వదిలేస్తారు. కాని మోడళ్ళను జతచేసేటప్పుడు ‘కనెక్ట్’ అనే ఫంక్షన్ పేర్లు చూసే తీగలు కలుపుతుంది. కంట్రోలర్ అవుట్‌పుట్ పేరూ, కాలమ్ ఇన్‌పుట్ పేరూ ఒకటైతే కలుపుతుంది, ఒక్క అక్షరం తేడా ఉన్నా కలపదు. పేర్లు పెట్టకుండా ‘మొదటిది, రెండోది’ అని వరుసను నమ్ముకుంటే, ఎక్కడో ఒకచోట రిఫ్లక్స్ స్థానంలో ఆవిరి వచ్చి కూర్చుంటుంది. రిఫ్లక్స్ దారుల్లో మొదటి అంకెలు ప్లస్, ఆవిరివి మైనస్. స్వచ్ఛత తగ్గిందని కంట్రోలర్ ఆవిరి పెంచుతుంది, దాంతో స్వచ్ఛత ఇంకా తగ్గుతుంది, కంట్రోలర్ ఇంకా పెంచుతుంది.

ఇన్‌పుట్‌కు పేరుతో పాటు కొలమానం రాసే ప్రాపర్టీ కూడా ఉంది. ఇక్కడ రిఫ్లక్స్‌కు ‘నిమిషానికి పౌండు’ అని రాయవచ్చు. దీని గురించి ఒక భ్రమ పోగొట్టాలి. రెండు మోడళ్ళ టైమ్‌యూనిట్లు వేరైతే సాఫ్ట్‌వేర్ కలపనివ్వదు. ఈ కొలమానం చీటీని మాత్రం అది చదవదు. పౌండ్లలో వచ్చే అవుట్‌పుట్‌ను కిలోలు కోరే ఇన్‌పుట్‌కు తగిలిస్తే మౌనంగా తగిలించేస్తుంది. 1998 డిసెంబరు 11న అమెరికా ప్రయోగించిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరు 23న అంగారకుడి దగ్గర నాశనమైంది. నేల మీది ఒక సాఫ్ట్‌వేర్ థ్రస్టర్ల తోపుడు లెక్కను పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇస్తే, అందుకున్న సాఫ్ట్‌వేర్ దాన్ని న్యూటన్-సెకన్లనుకుంది. తేడా 4.45 రెట్లు. చీటీ రాసిపెట్టడం అవసరమే, దాన్ని చదివే బాధ్యత మాత్రం ఇంకా మనిషిదే.

మూటలో అడుగున పడి ఉండే ప్రాపర్టీ ‘నోట్స్’. అందులో మనకు తోచింది మాటల్లో రాసుకోవచ్చు. లెక్కలకు దానితో పని లేదు. మోడల్ పొలిమేర గురించి మొదట్లో చెప్పాను కదా, దాన్ని రాసుకోవలసిన చోటు ఇదే అని నా ఉద్దేశం. పన్నెండు అంకెలూ ఏ నిలకడ చుట్టూ కొలిచినవో తెలియకపోతే 0.1 పౌండు పెంచవచ్చా, 1 పౌండు పెంచవచ్చా అన్నది తర్వాత చూసేవాళ్ళకు ఎలా తెలుస్తుంది? అయితే రెండు మోడళ్ళను కూడినా, గుణించినా, ఫీడ్‌బ్యాక్‌తో చుట్టినా సాఫ్ట్‌వేర్ నోట్స్‌ను వెంట తీసుకెళ్ళదు. పేర్లు, శాంపిల్ టైమ్ ఫలితంలోకి వస్తాయి, ఈ నాలుగు మాటలు మాత్రం పాత మోడల్ దగ్గరే ఉండిపోతాయి. కనుక కాలమ్‌నూ కంట్రోలర్‌నూ కలిపి కొత్త మోడల్ కట్టిన ప్రతిసారీ నేను నోట్స్ తెరిచి అదే వాక్యం మళ్ళీ రాస్తాను: ఫీడ్ (కాలమ్‌లోకి వెళ్ళే మిశ్రమం) నిమిషానికి 2.45 పౌండ్లు, రిఫ్లక్స్ 1.95, ఆవిరి 1.71, పైన మిథనాల్ దాదాపు 96 శాతం, అడుగున అర శాతం, కాలం నిమిషాల్లో.